తొంభై రోజుల భార్య

“నీకు పెళ్లయింది” అన్నాడు చీఫ్, ఫైలు మూసి.

ఏజెంట్ ముంగిస ఉలిక్కిపడలేదు. ఈ ఉద్యోగంలో అతనికి ఇది మూడో పెళ్లి. మొదటి భార్య అతని మీద కాల్పులు జరిపింది. రెండో ఆవిడ నిజంగానే వంట చేసి పెట్టింది. అతను ఆసుపత్రిలో చేరింది మాత్రం రెండోసారే.

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. గొడుగు అనే విదేశీ ముఠా మన రైల్వే కంట్రోల్ రూమ్ నుంచి ఒక చిప్పు కొట్టేసింది. అది చేతిలో ఉన్నవాడు కూర్చున్నచోటు నుంచే సిగ్నళ్లన్నీ ఆడించగలడు. ఎరుపు ఉండాల్సినచోట పచ్చ, ఒకే లైను మీద ఎదురెదురుగా రెండు బళ్లు. దాటించే అదను కోసం ముఠా మనుషులు చిప్పును యూరప్ అంతా తిప్పుతున్నారు. దాన్ని వాడటం తెలిసిన పెద్దాయన మాత్రం సముద్రం అవతల ఉన్నాడు. కొత్త కోడ్లు పెట్టడానికి రైల్వేవాళ్లకు నాలుగు నెలలు పడుతుంది. అప్పటిదాకా చిప్పు ఆయన చేతికి చేరకూడదు.

ముంగిసకు ఇది ఇంటి సంగతి కూడా. అతని సొంత అన్నయ్య ఎక్స్‌ప్రెస్ బండి డ్రైవరు. ముప్పయ్యేళ్లుగా పచ్చదీపాన్ని నమ్మి బతుకుతున్న మనిషి, ఇంకో ఐదు నెలల్లో రిటైరవుతాడు.

“టూరిస్టులుగా వెళ్తారు. మొగుడూ పెళ్లాం. లాంగ్ ట్రిప్” అన్నాడు చీఫ్.

“సార్, పని నాలుగు నెలలు. టూరిస్టు వీసా మీద ఉండనిచ్చేది తొంభై రోజులే.”

“ఏడాదికి ఇచ్చారు కదయ్యా.”

“ఆ ఏడాదిలో ఎప్పుడైనా వెళ్లొచ్చని సార్, ఏడాదంతా ఉండొచ్చని కాదు. ఏ రోజు ఆపి చూసినా, వెనక నూట ఎనభై రోజుల్లో మనం లోపల ఉన్నవి తొంభై దాటకూడదు.”

దేశం మారితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది కదా అని చీఫ్ వాదించాడు. ముంగిస పళ్లు కొరుక్కుంటూ ఓపిగ్గా చెప్పాడు. ఒకే వీసా నడిచే ఆ షెంగెన్ దేశాలన్నీ కలిపి ఒకే ఇల్లు, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వెళ్లడం గదులు మారడమే. గడప దాటి పూర్తిగా బయటికొస్తే ఆ బయట గడిపిన రోజులు లెక్కలోకి రావు గానీ, లోపల వాడుకున్నవి ఊరికే చెరిగిపోవు. చీఫ్ అంతా విని, టీ తాగి, రోజుల సంగతి ట్రావెల్ సెక్షన్ చూసుకుంటుందని తేల్చేశాడు.

కొత్త భార్య విమానాశ్రయంలో కలిసింది. ఎర్రకోటు, ఐదు భాషలు, కళ్లు తిప్పుకోనివ్వని నవ్వు. కోడ్ పేరు నెమలి. ఒకప్పుడు గొడుగు ముఠాలో పనిచేసి మనవైపు తిరిగిన మనిషి.

“ఈ కుర్చీ విరిగింది” అంది నెమలి.

“నాకు నిలబడటమే అలవాటు” అన్నాడు ముంగిస. కోడ్ సరిపోయింది.

ఆ తర్వాత సరిపోయినదేదీ లేదు. మత్తుమందు చిమ్మే పెన్నును మొదటి తనిఖీలోనే, ద్రవపదార్థమని చెత్తబుట్టలో పడేశారు. గుండీ కెమెరా లాండ్రీలో ఊడిపోయింది. సరిహద్దు కౌంటరులో ఇద్దరి వేలిముద్రలూ గాజుపలక మీద తీసుకున్నారు. నెమలి “ఏవండీ, ముందు మీరు పెట్టండి” అంటూ ఇల్లాలి కంటే ఇల్లాలిగా నటించింది. ప్రయాణాల ప్లానంతా ఆమెదే. కొన్నాళ్లు లోపల, కొన్నాళ్లు పక్కనున్న బయటి దేశంలో, మళ్లీ లోపలికి. రోజులు పొదుపు చేస్తున్నానని చెప్పేది. ముంగిస సూట్‌కేసులు మోసేవాడు. ప్రతి లైనులోనూ ఆమె ఒక చెప్పు విడిచి ఒంటికాలి మీద నిలబడేది. ఎవరైనా గుర్తుపట్టి చస్తారని ఎన్నిసార్లు చెప్పినా వినేది కాదు. అతనికి మండిపోయేది.

చివరికి ఒక గడియారాల రిపేరు కొట్టు వెనకగదిలో, ఆగిపోయిన గోడగడియారం కడుపులో చిప్పు దొరికింది. దాన్ని బూటు మడమలో దాచాడు. ఎక్కడ దాచాడో భార్యకు చెప్పాడు. నెలల తరబడి కాపురం చేస్తే మొగుళ్లు చేసే తప్పే అది.

ఆ సాయంత్రమే చీఫ్ నుంచి కబురు వచ్చింది. కొత్త కోడ్లు రేపు అర్ధరాత్రి అమల్లోకి వస్తాయి, ఆ తర్వాత చిప్పు చిత్తుకాగితంతో సమానం. కింద ట్రావెల్ సెక్షన్ తోక తగిలించింది: మీకు ఇంకా మూడు రోజులున్నాయి.

పొద్దున లేచేసరికి నెమలి లేదు. బూటు మడమలో చిప్పు బదులు నమిలేసిన చూయింగ్ గమ్ ఉంది.

సముద్రం అవతలికి ఆ రోజు ఒక్కటే విమానం. అందులో ఆమె వెళ్తే సాయంత్రానికి చిప్పు పెద్దాయన చేతిలో ఉంటుంది. అదే సాయంత్రం అన్నయ్య బండి ఎక్కుతాడు. ముంగిస అదే విమానానికి టికెట్ కొని పరుగెత్తాడు. ఎయిర్‌పోర్టులో ఎర్రకోటు ఎక్కడా కనిపించలేదు. అక్కడే నివసించేవాళ్ల లైనులో మాత్రం తెల్లజుట్టు, లావు కళ్లద్దాలు, చేతికర్ర ఉన్న ఒక ముసలావిడ ఒక చెప్పు విడిచి ఒంటికాలి మీద నిలబడి ఉంది.

ఆ లైనులో వేలిముద్రలు అడగరు, నివాసం కార్డు చూపిస్తే చాలు. ఇవతల సందర్శకుల లైను నత్తనడక నడుస్తోంది. మీదపడి పట్టుకుంటే ముసలావిడపై దాడి చేసిన విదేశీయుడవుతాడు. గూఢచారినని ఒప్పుకుంటే జైలు. అతని వంతు వచ్చేసరికి ఆమె ముందు ఇద్దరే మిగిలారు.

జలుబుతో ముక్కు తుడుచుకుంటున్న ఆఫీసరు స్క్రీన్ చూసి తల అడ్డంగా ఊపాడు.

“రెండు రోజులు ఎక్కువున్నారు.”

“లేదు సార్. మూడు రోజులు మిగిలాయి. ఆఫీసువాళ్లు లెక్కపెట్టారు.”

“ఎలా లెక్కపెట్టారు?”

ముంగిసకు అప్పుడు వెలిగింది. ట్రావెల్ సెక్షన్‌కు లెక్కంటే హోటల్ బిల్లే, హోటల్ బిల్లంటే రాత్రులే. ఇక్కడ వచ్చిన రోజూ ఒక రోజే, వెళ్లిన రోజూ ఒక రోజే. ఐదుసార్లు వచ్చి ఐదుసార్లు వెళ్లినందుకు, ఒక్కోసారికి ఒక్కో రోజు ఆఫీసు లెక్కలోంచి జారిపోయింది. నెమలి ప్లాన్లన్నీ ఇందుకేనన్నమాట. సరిగ్గా ఈ రోజు, ఈ కౌంటరు దగ్గర, అతను ఇరుక్కోవాలి. అతనికి ఆమె మీదకంటే ఆఫీసు మీద ఎక్కువ ఒళ్లు మండింది. ఇంత బతుకూ బతికి, ఒక గుమాస్తా కూడిక వల్ల అన్నయ్యను చంపుకోబోతున్నాడు.

“పక్కగదిలోకి రండి” అన్నాడు ఆఫీసరు. అవతలి లైనులో ముసలావిడ కార్డు తీసింది. ఇటు చూసి, కళ్లద్దాల మీదుగా కన్నుకొట్టింది.

ఆ ఐదుసార్లూ ఆమె కూడా వచ్చింది. పక్కనే నిలబడి, అదే గాజుపలక మీద వేళ్లు పెట్టింది.

“వస్తాను సార్, తప్పు నాదే. కానీ మా ఆవిడను కూడా ఆపండి. తన రోజులూ అయిపోయాయి” అని వేలు చూపించాడు ముంగిస. “ఆ తెల్లజుట్టావిడే.”

ఆఫీసరు స్క్రీన్ చూశాడు. భార్య అని ఒకామె పేరుంది, రాకపోకలన్నీ ఇతనితోనే. పక్క కౌంటరుకు కేక వేశాడు. ముసలావిడ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి, ఈ మనిషెవరో తనకు తెలియదని, తన వయసు చూసైనా సిగ్గుపడాలని వణుకుతున్న గొంతుతో చెప్పింది.

“పొద్దున్నే గొడవైంది సార్. కోపమొస్తే ఇలాగే తెలియనట్టు మాట్లాడుతుంది” అన్నాడు ముంగిస నీరసంగా. ఆ నీరసం నటన కాదు.

విమానానికి ఆఖరి పిలుపు వినిపించింది. ఆఫీసరు కూడా పెళ్లయినవాడే కాబోలు, నిట్టూర్చాడు.

“ఒక్కసారి వేళ్లు పెట్టండమ్మా. మీరు ఆయన భార్య కాకపోతే మిషనే చెప్తుంది.”

ఆమె గేటువైపు చూసింది. అక్కడ ఇద్దరు పోలీసులు నిలబడి ఉన్నారు. వేళ్లు పెట్టింది. జుట్టు మారింది, వయసు మారింది, కార్డు మీద పేరు మారింది. మిషను మాత్రం ఆమెను నిస్సందేహంగా ముంగిస భార్య అనేసింది.

ఒకే మనిషికి రెండు పేర్లు, పైగా దొంగ కార్డు. సంచీ తిరగేస్తే లిప్‌స్టిక్ గొట్టంలోంచి చిన్న చిప్పు పడింది. అదేమిటో ఎవరికీ అర్థం కాక, విచారణ అయ్యేదాకా కదపకూడదని కవర్లో పెట్టి సీలు వేశారు. అద్దం అవతల విమానం నేల వదిలింది.

పోలీసులు తీసుకెళ్తుంటే నెమలి ఆగింది.

“తొంభై రోజులు నిన్ను నవ్వుతూ భరించాను” అంది.

“తొంభై రెండు” అన్నాడు ముంగిస.

అతన్ని ఇంటికి పంపించేస్తూ, కొన్నేళ్లపాటు ఈ గడప తొక్కకూడదని కాగితం చేతికిచ్చారు. చీఫ్ ఫోన్ చేసి శభాష్ అన్నాడు. రోజులు దాటి ఎందుకున్నావో సంజాయిషీ ఇవ్వమని ట్రావెల్ సెక్షన్ అడుగుతోందని కూడా చెప్పాడు. ముంగిస ఫోన్ పెట్టేశాడు. అనాల్సినవన్నీ రాతలో పెట్టలేనివే.

మర్నాడు పొద్దున అన్నయ్య మెసేజ్ చూసి అతని కళ్లు చెమర్చాయి. బండి టైముకే చేర్చాడట, దారంతా సిగ్నళ్లు బాగున్నాయట. కింద ఇంకో రెండు లైన్లున్నాయి: “రిటైరయ్యాక మీ వదినకి యూరప్ చూపిద్దామనుకుంటున్నాన్రా. వీసా ఏడాదికిస్తారట కదా, ఓ ఆరు నెలలు తిరిగొస్తాం.”

ముంగిస టైపు చేయడం మొదలుపెట్టాడు: “అన్నయ్యా, ముందు కూర్చో.”