మేడ ఎక్కిన ఫొటో

"మన ఇంజనీరు సాయంత్రం ఆరింటి బండికి దిగుతాడు," అన్నాడు పెద్దాయన. "స్టేషన్లో ఒకడు తుపాకీతో కాచుకుని ఉంటాడు. వాడికి పేరు తెలుసు, మొహం తెలియదు."

ఏజెంట్ మిరియం కుర్చీలో ముందుకు జరిగాడు. చిన్నగా, నల్లగా, ఘాటుగా ఉంటాడని డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరది. ఏ పనైనా నష్టం వైపు నుంచి లెక్కగట్టడం అతని అలవాటు. లాభం తనంతట తానే కనిపిస్తుంది, నష్టాన్నే వెతుక్కోవాలి.

"మొహం ఎక్కడుంది సార్?"

"విదేశీ ముఠా తెప్పించిన ఇంజనీరు ఫొటో వాళ్ళ మనిషి ఇంట్లో కింది గది కంప్యూటర్లో ఉంది. తుపాకీవాడికి పంపే ట్రాన్స్‌మిటర్ మేడగది కంప్యూటర్‌కి ఉంది. రెండింటికీ మధ్య ఇంటి నెట్‌వర్క్ ఒక్కటే దారి. పెన్ డ్రైవ్ పెట్టే కన్నాలన్నీ జిగురుపోసి మూసేశారు, మనలాంటివాళ్ళ భయంతో. పొద్దున కొత్త రౌటర్ పెట్టినప్పటి నుంచీ ఒక కంప్యూటర్ ఇంకోదానికి కనపడటం లేదట. మెకానిక్ కావాలని ఫోన్ చేశారు. ఆ ఫోన్ మనం అందుకున్నాం."

"రిపేరు కాలేదని చెప్పి వచ్చేస్తే పోలా?"

"ఇంకొకణ్ణి పిలుస్తారు. నువ్వు కింది కంప్యూటర్లో అసలు ఫొటో తీసేసి మనది పెట్టాలి. ఆ తర్వాతే రిపేరు." పెద్దాయన ఒక ల్యాప్‌టాప్ ముందుకు తోశాడు. అందులో ఉన్న ఫొటో ఏ తల్లీ కనని మొహానిది, డిపార్ట్‌మెంట్ తయారుచేసింది.

"కన్నాలు మూసేశారన్నారు. మరి మనది లోపలికెలా వెళ్తుంది?"

"నెట్‌వర్క్ మీద."

"చెడిపోయింది అదే కదా సార్?"

పెద్దాయన ఫైలు మూసేశాడు. "అందుకే నిన్ను పంపిస్తున్నాను. ఆ ఇంటి యజమాని మరదలు, మనం అత్తరు అని పిలిచే ఏజెంట్, మనకీ పనిచేస్తుంది, వాళ్ళకీ పనిచేస్తుంది. ఇవాళ ఎవరికన్నది ఆమెకే తెలియాలి."

ఆ ఇంటి తలుపు ఆమె తీయకముందే అత్తరు వాసన గుప్పున కొట్టింది. ముత్యాల దండ, నల్ల కళ్ళద్దాలు, చేతిలో చిన్న విసనకర్ర.

"గొడుగు తెచ్చారా?"

"ఎండలోనే పనికొస్తుందండీ," అన్నాడు మిరియం. కోడ్ కుదిరింది. ఆమె మొహంలో మాత్రం ఏమీ కదల్లేదు.

కింది గదిలో బల్లమీద కంప్యూటర్, గోడ అలమరలో మినుకుమనే రౌటర్, కార్పెట్ కింద పాములా పాకిన వైరు. పక్కన కుర్చీలో యజమాని తల్లి ఊలు అల్లుతూ కూర్చుంది.

"మావాడు నీ పక్కనే కూచోమన్నాడు నాయనా. నువ్వేమైనా ఎత్తుకెళ్తావేమోనట. ఏమనుకోకు."

"పర్లేదమ్మా."

అతని చెవిలో వినికిడి మిషన్ వేషంలో ఉన్న వైర్‌లెస్ గరగరలాడింది. "రౌటర్ ఆపి మళ్ళీ వెయ్," అన్నాడు పెద్దాయన.

వేశాడు. నెట్‌వర్క్ దారి దొరకలేదంది కంప్యూటర్. వర్క్‌గ్రూప్ పేరు సరిచూశాడు, సరిగానే ఉంది. షేరింగ్ ఆన్‌లోనే ఉంది. పాస్‌వర్డ్ తీసి పెట్టాడు. ల్యాప్‌టాప్ నుంచి పింగ్ కొట్టాడు, జవాబు లేదు. పక్క గదిలో ఉన్న మనిషిని ఎంత పిలిచినా పలకనట్టుంది.

"వచ్చిందా?" మేడమీద నుంచి యజమాని అరిచాడు.

"ఇంకా లేదండీ."

"అయితే సెట్టింగులన్నీ తుడిచేసి మళ్ళీ మొదలెట్టు," అంది చెవి. ఆ చెవికి తనకన్నా ఎక్కువ తెలియదని మిరియానికి అప్పటికి అర్థమైంది. తుడిచాడు. మొదలెట్టాడు. మొదలెట్టిన ప్రతిసారీ తెరమీద ఒక పెట్టె వచ్చి ఏదో అడుగుతోంది. అతను 'కాదు' నొక్కి ముందుకు పోతున్నాడు. ముక్కూ మొహం తెలియని యంత్రం ఏమడిగినా కాదనాలని ట్రైనింగ్. పొద్దున యజమాని నొక్కిందీ అదే అయ్యుంటుంది. ఇద్దరూ ఒక బడిలో చదువుకున్నవాళ్ళే.

నాలుగోసారి పెట్టె వచ్చేసరికి మిరియం రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"అదేమంటోంది నాయనా?" అంది పెద్దావిడ.

"ఈ ఇంట్లో మిగతా కంప్యూటర్లకు ఇది కనపడొచ్చా అంటోందమ్మా."

"ఒకే ఇంట్లో ఉండి కనపడకపోతే ఎలా?" ఊలు సూది పక్కన పెట్టి, వేలు చాచి, ఆవిడ 'అవును' నొక్కింది.

ల్యాప్‌టాప్ తెరమీద కింది కంప్యూటర్ పేరు తటాలున వెలిగింది. మిరియం తను తెచ్చిన ఫొటో అందులోకి లాగబోయాడు. వేలు మీటకి తగలకముందే మేడమీద నుంచి కేక: "వచ్చేసింది."

అసలు ఫొటో మేడెక్కేసింది. ఇంత పనికీ చివర్లో మిగిలింది పూర్తి నష్టం. ముఠా రిపేరు తన చేతులమీదుగానే జరిగింది. స్టేషన్ గడియారం ఆరుకి దగ్గర పడుతోంది.

గుమ్మంలో నిలబడి చూస్తున్న అత్తరు గిరుక్కున తిరిగి మెట్లెక్కింది. పైనుంచి ఆమె గొంతు స్పష్టంగా వినిపించింది.

"పంపకు బావా, ఆగు. ఆ మెకానిక్ వాళ్ళ మనిషి. ల్యాప్‌టాప్‌లో ఇంకో ఫొటో పెట్టుకొచ్చాడు."

మిరియం కిటికీ చూశాడు, ఊచలు. వెనక తలుపు చూశాడు, తాళం. కూర్చున్నచోటే కూర్చున్నాడు.

యజమాని సైలెన్సర్ బిగించిన పిస్తోలుతో దిగాడు. ల్యాప్‌టాప్‌లో మొహాన్ని పరీక్షగా చూశాడు. మేడమీదికి వచ్చిన మొహం వేరు, ఇది వేరు; ఏది అసలుదో అతనికీ తెలియదు.

"ఫొటో మార్చావా?"

"లేదండీ. టైమ్ చాల్లేదు. మీకొచ్చింది అసలుదే."

యజమాని నవ్వాడు. "పొద్దున్నుంచి రానిది నువ్వొచ్చాక రెప్పపాటులో వచ్చింది. పైగా అది అసలుదని నువ్వు చెప్తున్నావు."

"నేనే నొక్కానురా," అంది తల్లి. "ఈ అబ్బాయి దాన్ని ముట్టుకోలేదు."

"నీకు తెలీదులే అమ్మా. వీడు పంపమంటున్నాడంటే వాళ్ళు వల పన్ని కూచున్నట్టే." అతను మేడవైపు తలెత్తాడు. "రెండు కంప్యూటర్లలోనూ తుడిచెయ్ దాన్ని. మళ్ళీ కొత్తది తెప్పిద్దాం."

"సరే బావా."

తుడిచేసింది. ట్రాన్స్‌మిటర్‌లో స్టేషన్ నుంచి తుపాకీవాడి గొంతు రెండుసార్లు మొహం అడిగింది, మూడోసారి తిట్టింది. బండి వచ్చింది, జనం దిగారు, ఆ జనంలోనే ఇంజనీరూ వెళ్ళిపోయాడు.

పిస్తోలు మిరియం కణతకి ఆనింది.

"ఇంట్లో అలాంటివి తియ్యొద్దని చెప్పానా లేదా?" అంది తల్లి.

యజమాని చెయ్యి అలవాటుగా కిందికి దిగింది. వీధి తలుపు బద్దలైంది. చెవి నిండా అన్నీ వింటున్న పెద్దాయన, ఈసారి సలహాకి బదులు మనుషుల్ని పంపాడు.

తిరుగుదారిలో కారు వెనక సీట్లో అత్తరు ముత్యాల దండ తీసి సంచిలో వేసుకుంది.

"నన్ను పట్టించావు," అన్నాడు మిరియం.

"పట్టించకపోతే ఫొటో వెళ్ళిపోయేది."

"నేను మార్చానని ఒప్పుకుని ఉంటే? మీ బావ దాన్నీ తిరగేసి లెక్కగట్టి, అయితే పైకి వచ్చిందే అసలుదని పంపేసేవాడు. నేను నిజమే చెప్తానని నీకెలా తెలుసు?"

"నీ మొహం చూశానుగా. అబద్ధమాడటానికి కాస్త ఓపికుండాలి. ఆ కంప్యూటర్ నీకు అదీ మిగల్చలేదు."