గాలి గొట్టం

ఆ ఉదయం అత్తగారు రెండోసారి స్నానం చేసి వచ్చి, ఈమధ్య రోజూ చేస్తున్నట్టే హాల్లోకి రాకుండా తన గది గుమ్మం దగ్గరే స్టూలు వేసుకుని కూర్చున్నారు. కోడలు కాఫీ అక్కడికే తెచ్చిచ్చింది. మోకాళ్లు అరిగిపోయిన మనిషి తడి నేల మీద మాటిమాటికీ నడుస్తుంటే ఆమెకు ఒకటే గుబులు. అందుకే అత్తగారి గదిని ఆనుకున్న పాత బాత్రూమును పగలగొట్టించి, జారని టైల్స్‌తో, పట్టుకునే కమ్మీలతో కొత్తగా కట్టిద్దామని పట్టుబట్టింది. ప్లంబరు పరాయివాడేం కాదు, అత్తగారి సొంత తమ్ముడే.

ఆయన అప్పటికే బాత్రూంలో చతికిలబడి సుద్దముక్కతో గీతలు గీస్తున్నాడు.

“ఇదిగో అమ్మాయ్, నేల ఇటు వాలాలి. కమోడ్ ఈ మూలకి. ఈ గీత గోడెక్కి డాబా మీదికి పోతుందే, అది గాలి గొట్టం.”

“గాలికెందుకు బాబాయ్ గొట్టం?”

“నీళ్లు కిందికి దిగాలంటే వెనకాల గాలి రావాలి తల్లీ.”

“ఆ గీతలన్నీ చెరిపెయ్‌రా,” అన్నారు గుమ్మం దగ్గర్నుంచి అత్తగారు. “నాకు కొత్త బాత్రూమూ వద్దు, ఏమీ వద్దు. పెరటి వైపు సామాన్ల గది ఖాళీ చేయించండి. అక్కడుంటాను.”

కోడలికి చర్రుమంది. “నేనేం తక్కువ చేశానత్తయ్యా? కారణం చెప్పండి. చెప్పకుండా ఈ గుమ్మం దాటనివ్వను.”

అత్తగారు కొంగు వేళ్లకి చుట్టుకున్నారు. “నా దగ్గర వాసన వస్తోందమ్మా. ఎంత రుద్దుకున్నా పోవడం లేదు. నువ్వు నా గదిలో రోజూ సెంటు కొడుతున్నావుగా, నాకు తెలీదా? పైకి అనకుండా మర్యాదగా సర్దుకుపోయావు. ఇంక చాలు.”

కోడలు సెంటు కొట్టిన మాట నిజం. అడిగితే పెద్దావిడ చిన్నబుచ్చుకుంటారని అడగలేదు, పాపం. ఇక తమ్ముడిగారి సంగతి చెప్పక్కర్లేదు. ఊరందరి మురుగూ కనిపెట్టే ఆ ముక్కు, అక్క ఇంటికొచ్చేసరికి మొహమాటంతో మూసుకుపోయింది. ముగ్గురూ ఒకరినొకరు నొప్పించకూడదని నోరు మూసుకుని వ్యవహారం ఇంతదాకా తెచ్చుకున్నారు.

ఆయనే ముందు తేరుకున్నాడు. “అమ్మాయ్, మేడ మీద బాత్రూంలో ఒక బకెట్ నీళ్లు గభాల్న గుమ్మరించు. అక్కా, నువ్విలా రా.”

నేల మీది జాలీ తీసి టార్చి వేశాడు. గొట్టం వంపులో నీళ్లు నిలిచి ఉన్నాయి. “మురుగు గాలిని ఇంట్లోకి రాకుండా ఆపేది ఈ కాసిని నీళ్లే.”

గోడ లోపల దడదడమంది. చూస్తుండగానే వంపులోని నీళ్లు గుటకేసినట్టు లోపలికి పోయాయి. ఖాళీ గొట్టంలోంచి గుప్పుమంది.

అత్తగారు గోడ పట్టుకున్నారు. “ఇదేరా. ఇదే ఆ వాసన.”

“ఇది నీది కాదక్కా, గొట్టానిది. గాలి అందక ఈ నీళ్లని లాగేస్తోంది.” ఆయన పైకి కేకేశాడు. “తల్లీ, డాబా మీద గొట్టం మూతి చూడు.”

కోడలు తుప్పు పట్టిన బిస్కెట్ల డబ్బా, ఒక గుడ్డల ముద్ద పట్టుకుని దిగింది. అవి చూసి అత్తగారు నోటి మీద చెయ్యి వేసుకున్నారు.

“పిచ్చుక పిల్ల ఆ గొట్టంలో పడి చచ్చిపోయిందమ్మా. ప్రాణం ఒప్పక నేనే బోర్లించాను, మోకాళ్లు బాగున్న రోజుల్లో. డబ్బా ఎగిరిపోకుండా గుడ్డ కూడా కుక్కాను.”

తమ్ముడు నవ్వబోయి నవ్వలేకపోయాడు. “వల కడితే సరిపోయేదక్కా.”

వంపులో మళ్లీ నీళ్లు నింపి, ఈసారి బకెట్ ఆయనే పట్టుకుని పైకెళ్లాడు. అత్తగారు స్టూలు మీద, కోడలు ఆమె కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని టార్చి పట్టుకున్నారు.

గోడ లోపల అదే హోరు. అంత హోరూ పక్కనుంచి దిగిపోయింది. వంపులోని నీళ్లు ఒక్కసారి వణికి, అలాగే నిలబడిపోయాయి. ఎక్కడో ఆకాశంలోని గాలి ఇంటి గోడల్లోంచి దిగివచ్చి ఆ గుప్పెడు నీళ్లను కాపాడింది. రోజూ తిరిగే ఇంట్లో ఇంత వింత జరుగుతోందా అని కోడలికి ఒళ్లు గగుర్పొడిచింది.

“మళ్లీ పొయ్యమనమ్మా వాణ్ని,” అన్నారు అత్తగారు చిన్నపిల్లలా.

మళ్లీ పోశాడు. నీళ్లు మళ్లీ నిలబడ్డాయి. ఆవిడ కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయి చూస్తూ ఉండిపోయారు.

కోడలు ఆవిడ ఒడిలో ముఖం దాచుకుంది. “ఒక్క మాట అడిగుంటే పోయేదత్తయ్యా.”

“నేను మాత్రం అడిగానా? లే, పద, హాల్లో కూర్చుందాం.”

కోడలు వెంటనే లేవలేదు. అత్తగారి చీరలో సబ్బు వాసన తప్ప మరే వాసనా లేదు.