గెర్వాజీ శ్రుతి

మా ఆర్కెస్ట్రా వాయించే ఫిల్‌హార్మోనియా హాలు చలికాలంలో సరిగ్గా వేడెక్కిన రోజు నాకు గుర్తులేదు. ఊరంతా తిరిగి వచ్చే వేడినీటి గొట్టాలకు మా దాకా వచ్చేసరికి ఓపిక అయిపోయేది. జనవరిలో రిహార్సల్‌కి అందరం కోట్లు వేసుకునే కూర్చునేవాళ్లం. వయొలిన్ వాళ్లు వేళ్ల చివర్లు కత్తిరించిన ఉన్ని చేతొడుగులు తొడుక్కునేవాళ్లు. ఊదే వాద్యాల వరసలో ఒక్కొక్కరి నోటి నుంచీ తెల్లగా ఆవిరి లేచేది.

"అదిగో, క్రాకోవ్ రైలు బయల్దేరుతోంది" అనేది బొగుమీలా వెనక్కి చూసి.

బొగుమీలాది నా పక్క కుర్చీ. ఇద్దరం ఒకే స్టాండు మీది కాగితాలు చూసి వయోలా వాయించేవాళ్లం. వయోలా అంటే వయొలిన్‌కి లావుపాటి అక్క. దాని మీద మా వాళ్లు చెప్పుకునే జోకులు మొదలుపెడితే ఇక కథకు చోటుండదు. వయసు మీద పడ్డాక నా మాట ఇలాగే పక్కదారులు పడుతోంది. కాస్త ఓర్చుకోండి.

ఆ చలికాలమే జాగ్నా వచ్చింది. కొండప్రాంతం పిల్ల. ఓబో, అంటే మన సన్నాయిలాంటి ఊదే వాద్యం, వాయించేది. కొత్తవాళ్లను తెర వెనక నిలబెట్టి, మొహం చూడకుండా, విని ఎంచుకోవడం మా పద్ధతి. ఆ తెర వెనక నుంచి ఆమె స్వరం వినగానే బొగుమీలా అంతటిది నోరు మూసుకుంది. జాగ్నాని మొదటి ఓబో కుర్చీలో కూర్చోబెట్టారు, అయితే ఒక్క సీజన్‌కే. నచ్చితే ఉంచుతారు, లేకపోతే లేదు. ఊళ్లో ఉన్న ఒక్క ఉద్యోగం వదులుకుని, తల్లిని తీసుకుని, స్టేషన్ వెనక అద్దె గదిలో దిగింది పాపం. నవ్వితే చలిలో ఆమె నోట్లోంచి ఆవిరి ముద్దలు ముద్దలుగా వచ్చేది. ఎప్పుడూ ఏదో ఒకదానికి నవ్వేది.

ఓబోకి మా దగ్గర ఒక పెద్దరికం ఉంది. కచేరీ మొదలయ్యే ముందు మొదటి వయొలిన్ ఆయన లేచి నిలబడి తల ఊపుతాడు. మొదటి ఓబో ఒక్క స్వరం ఊదుతుంది. మిగతా అందరం దానికి మా తీగలు, గొట్టాలు సరిచేసుకుంటాం. అదే శ్రుతి. ఆ సమయంలో ఎవరూ ఎవరినీ చూడరు. తల వంచి, చెవిని తీగ దగ్గర పెట్టి, కళ్లు దాదాపు మూసుకుని ఉంటాం. శ్రుతి వినబడితే చాలు, ఎవరిచ్చారో చూసే అలవాటు మాకు లేదు.

జాగ్నా ఇచ్చే శ్రుతి రిహార్సల్‌లో సూది మొనలా ఉండేది. కచేరీలో, జనం ముందు, దిగిపోయేది. ఎక్కువ కాదు, వెంట్రుకవాసి. ఎదుట కూర్చున్నవాళ్లకి తెలిసేది కాదు కూడా, మా దగ్గర గంటలు లేకపోతే. పొడవాటి ఇత్తడి గొట్టాల్లా ఉండి చట్రానికి వేలాడుతుంటాయి. సుత్తితో కొడితే చర్చి గంటల్లా మోగుతాయి. తీగలైతే బిగించుకుంటాం, వదులు చేసుకుంటాం. ఇత్తడి ఎవరి మాటా వినదు. శ్రుతిలో మేమంతా కింద, గంటలు పైన. క్రిస్మస్ కచేరీ చివర్లో అవి మోగితే ముందు వరసలో మేయర్ భార్య పంటి నొప్పి వచ్చినట్టు దవడ పట్టుకుంది.

మాయెస్త్రో, అంటే కర్ర పట్టుకుని మమ్మల్ని నడిపించే పెద్దమనిషి, మర్నాడు అందరి ముందూ అన్నాడు. "ఈసారి కూడా గంటలు ఏడిస్తే, అమ్మాయ్, నీ పెట్టె సర్దుకో."

జాగ్నా నవ్వలేదు ఆ రోజు.

నేను ఆమెను అనుమానించలేదు. లెషెక్‌ని అనుమానించాను. లెషెక్ రెండో ఓబో. పాత ఓబో గెర్వాజీ పోయాక ఆ కుర్చీ తనదే అనుకున్నాడు. ఆమె పక్కనే కూర్చుంటాడు. ఆమె ఊదకముందే తను కాస్త దించి ఊదితే... అందరి తలలూ వంగి ఉంటాయి. ఎవరు పట్టుకుంటారు?

తర్వాతి కచేరీ రోజు మధ్యాహ్నం అతను క్యాంటీన్‌లో బార్లీ సూపు తాగుతుంటే వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. మా క్యాంటీన్ సూపు గురించి కూడా చెప్పాలి గానీ, వద్దులెండి.

"నువ్వేనా?" అన్నాను.

"ఏం ముసలాయనా, వయోలా వాళ్లకి శ్రుతి గోల ఎప్పటి నుంచి?" అని నవ్వబోయాడు. నా మొహం చూసి ఆగాడు. చెంచా కింద పెట్టాడు.

"ఆ కుర్చీ మీద ఆశ ఉండేది. దాచను" అన్నాడు. "ఇప్పుడు ఊరికే ఇచ్చినా వద్దు."

"ఏం?"

చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ పిల్ల రాకముందు ఒకరోజు దాని మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. మన హాల్లో, ఇగ్నాత్సి... వెచ్చగా."

అబద్ధం బాగా అల్లాడు అనుకున్నాను. అయినా నాకు సూపు తాగాలనిపించలేదు.

జాగ్నా మెట్ల కింద పీక నానబెట్టుకుంటోంది. ఓబో ఊదే కొసన పెట్టుకునే చిన్న రెల్లు పీక అది. నీళ్లలో నానితే గానీ పలకదు. పాత ఫిల్ము డబ్బాలో నీళ్లు పోసి అందులో వేసేది.

"ఇగ్నాత్సి గారూ, మీరైనా నమ్ముతారా?" అంది. "కచేరీల్లో ఆ శ్రుతి నేను ఇవ్వలేదు."

"మరి?"

"నేను ఓబో ఎత్తేసరికే మోగుతూ ఉంటుంది. నా చెవి పక్కనే. అప్పటికే మీరందరూ తలలు వంచి శ్రుతి చేసేసుకుంటుంటారు. నేనేం చెయ్యను? ఓబో పెదాల దగ్గర పెట్టుకుని ఊరుకుంటాను."

"లెషెక్..."

"ఆయనా వణుకుతుంటాడు." పీకను నీళ్లలో తిప్పుతూ అడిగింది. "సోంపు బిళ్లలు ఎవరు చప్పరిస్తారు మీలో? ఆ వాసన వస్తుంది."

మాలో సోంపు బిళ్లలు చప్పరించిన మనిషి ఒక్కడే. అతను శ్మశానంలో ఉన్నాడు.

గెర్వాజీ సంగతి ఇక్కడ చెప్పాలి. నేను కాలేజీలో సంగీతం చదువుకుని ఈ హాల్లో అడుగుపెట్టేనాటికే అతను శ్రుతి ఇస్తున్నాడు. అతని స్వరం కాస్త కిందకే ఉండేది. తడి చెక్కలా, బరువుగా. మాకు అదే శ్రుతి. ఆ ఇత్తడి గంటలు వచ్చాక మాయెస్త్రో, "కొద్దిగా పెంచండి" అన్నాడు. గెర్వాజీ పెంచలేదు. "నేను ఊపిరి తీసుకున్నంతకాలం ఈ హాల్లో శ్రుతి ఇదే" అన్నాడు. అతన్ని ఇంటికి పంపించారు. ఆ వేసవిలోనే ఊపిరితిత్తులు పాడై పోయాడు. చివరికి గాలి అందక మంచం పట్టీలు పీకాడని నర్సు చెప్పింది.

సమాధి దగ్గర వాయించడానికి మేమంతా వెళ్లాం. అక్కడ శ్రుతి ఇమ్మంటే లెషెక్ వల్ల కాలేదు, ఏడుస్తున్నాడు. బొగుమీలా అంది: "ఎవరూ ఇవ్వొద్దు. ఆయన శ్రుతి మన చెవుల్లో ఉందిగా. దానికే కలుపుకుందాం." అందరికీ అది గొప్ప గౌరవం అనిపించింది. మొదటి వయొలిన్ ఆయన లేచి, తెరిచి ఉన్న గోతి వైపు తల ఊపాడు. ఎప్పుడూ ఓబో వైపు ఊపినట్టే. మేము తలలు వంచాం. శ్రుతి ఎవరూ ఇవ్వలేదు. అయినా తీగలన్నీ ఒక్కసారే కలిశాయి.

చక్కగా కలిశాయని ఒకరి భుజాలు ఒకరం తట్టుకున్నాం కూడా.

ఆ సాయంత్రం హాలు నిండిపోయింది. బయట మంచు. లోపల తడి కోట్ల వాసన, కొవ్వొత్తి మైనం వాసన, ఆడవాళ్ల సెంటు. దీపాలు తగ్గాయి. దగ్గులు తగ్గాయి. నా కుర్చీ వయోలాల చివరి వరసలో, ఓబోలకు సరిగ్గా ముందు. వాళ్లను చూడాలంటే వెనక్కి తిరగాలి. జనం ముందు అలా తిరగడం మాలో తప్పు. తిరగాలనే అనుకున్నాను. లెషెక్‌ని పట్టుకోవాలి, పిల్లను కాపాడాలి. నా బుర్రలో అప్పటికీ అదే ఉంది.

మొదటి వయొలిన్ ఆయన లేచాడు. తల ఊపాడు.

శ్రుతి వచ్చింది.

కిందకి ఉంది. బరువుగా... తడి చెక్కలా.

తలలన్నీ వంగాయి. నేను తిరిగాను.

"ఏమిటా చూపులు? ముందుకు తిరుగు" అని బొగుమీలా మోచేత్తో పొడిచింది, తల ఎత్తకుండానే.

లెషెక్ రెండు చేతులూ మోకాళ్ల మధ్య ఇరికించుకుని ఉన్నాడు. అతని ఓబో నేల మీద, దాని మేకు స్టాండు మీద నిలబెట్టి ఉంది. జాగ్నా ఓబో ఒళ్లో ఉంది. ఆమె పెదాలు గట్టిగా మూసుకుని ఉన్నాయి.

శ్రుతి మోగుతూనే ఉంది. ఆమె భుజం పక్క నుంచి. అక్కడ ఎవరూ లేరు.

సోంపు వాసన.

చుట్టూ అందరూ... తలలు వంచుకుని... తీగలు దించుకుంటున్నారు.

జాగ్నా నన్నే చూస్తోంది. "చూశారా?" అని పెదాలు కదిపింది. తర్వాత ఓబో ఎత్తింది. ఊదింది.

సూది మొనలాంటి శ్రుతి. అసలు శ్రుతి. దాని కింద ఆ రెండోది. రెండూ రాసుకున్నాయి. గాలి అదిరింది. నా పళ్లు జిల్లుమన్నాయి, స్టాండు మరలు గలగలలాడాయి. విల్లులన్నీ తడబడ్డాయి. ఒక్క తల కూడా లేవలేదు. ఎటు కలపాలో తెలియక... వెతుక్కుంటున్నాయి.

ఆమె ఆపలేదు. అదీ ఆపలేదు.

ఊదేవాళ్ల మధ్య ఇన్నేళ్లు కూర్చున్నవాడికి వాళ్ల ఊపిరి లెక్క తెలియకుండానే అబ్బుతుంది. ఇక్కడ ఆపుతారు, ఇక్కడ పీలుస్తారు అని ఒళ్లే చెబుతుంది. అది ఆపాల్సిన చోటు దాటిపోయింది. పీల్చలేదు. దానికి అక్కర్లేదు.

జాగ్నాకి కావాలి. మొహం కందింది. మెడ నరాలు తాళ్లలా లేచాయి. కళ్లల్లో నీళ్లు. ఆమె స్వరం వణికింది...

నేను ముందుకు తిరిగి తీగ బిగించాను. ఆమె శ్రుతికి కలిపి విల్లు వేశాను. విల్లుకి ఊపిరితో పని లేదు. అటు లాగి, ఇటు లాగి, జనం ఏమనుకుంటే అనుకోనీ అని గట్టిగా రుద్దాను. బొగుమీలా ఉలిక్కిపడి చూసింది. తర్వాత ఆమె తీగా పైకి వచ్చింది. చెల్లో వాద్యాలు వచ్చాయి. వయొలిన్లు వచ్చాయి.

కింది శ్రుతి సన్నగిల్లింది. ఆగిపోయింది.

ఒక్క క్షణం నిశ్శబ్దం.

అందులో... ఊపిరి పీల్చిన చప్పుడు. పొడుగ్గా. నీళ్ల అడుగు నుంచి పైకి తేలిన మనిషి పీల్చినట్టు.

జాగ్నా వైపు నుంచే వచ్చింది. పీల్చదూ మరి, అంతసేపు ఊదాక! అలాగే అనుకున్నాను నేను.

కచేరీ అద్భుతంగా సాగింది. రెండో భాగంలో ఓబోకి ఒక పొడవైన పాట ఉంది. మధ్యలో ఎక్కడో ఒకచోట ఆగి ఊపిరి తీసుకోక తప్పదు. జాగ్నా ఆగలేదు. మాయెస్త్రో కర్ర గాల్లోనే నిలిచిపోయింది. చివర్లో గంటలు మోగితే హాలు మొత్తం లేచి నిలబడింది. మాయెస్త్రో అందరి ముందూ ఆమె చెయ్యి ముద్దుపెట్టుకుని, "ఆ కుర్చీ నీది. నువ్వు లేస్తానన్నా ఎవరూ లేవనివ్వరు" అన్నాడు.

నేను ఆమెను దగ్గరకు తీసుకుని నుదురు ముద్దుపెట్టుకున్నాను. గెలిచాం కదా. చల్లగా ఉంది నుదురు. చెమట అనుకున్నాను. సోంపు వాసన అక్కడే ఉంది, కానీ అంతకు ముందు నుంచీ ఉన్నదే కదా.

తర్వాతి వారం రిహార్సల్‌కి వెళ్లేసరికి వేడినీటి గొట్టం పగిలి హాలు మంచు పెట్టెలా ఉంది. మాయెస్త్రో మెడకి మఫ్లరు రెండు చుట్లు చుట్టుకుని తిట్టుకుంటున్నాడు.

"చూడు, చూడు. ఇవాళ రైలు కాదు, రైళ్ల స్టేషనే" అంది బొగుమీలా.

వెనక్కి తిరిగి చూశాను. ఫ్లూటు అమ్మాయి నోట్లోంచి ఆవిరి. బసూన్ ముసలాయన గడ్డం నిండా ఆవిరి. లెషెక్ నోటి నుంచి చిన్న చిన్న ముక్కలుగా, తొందర తొందరగా. అతను తన కుర్చీని పక్కకి, ఎంత జరపడానికి వీలుందో అంతా జరుపుకున్నాడు.

జాగ్నా ఎవరో చెప్పినదానికి నవ్వుతోంది. తల వెనక్కి వాల్చి, నోరు బార్లా తెరిచి, పాత జాగ్నాలాగే.

ఆ నోటి ముందు గాలి తుడిచిన అద్దంలా ఉంది.

చాలాసేపు చూశాను. ఏమీ లేదు. ఆవిరి పోగు కూడా లేదు.

నేను చూడటం ఆమె చూసింది. నవ్వు ఆపింది. నా మీది నుంచి కళ్లు తిప్పకుండా ఓబో ఎత్తింది. మొదటి వయొలిన్ ఆయన ఇంకా లేవనే లేదు.

శ్రుతి వచ్చింది. సూది మొనలా, ఎక్కడా తప్పు లేకుండా. అందరూ తలలు వంచారు.

నేనూ వంచాను. తీగ కలిసింది. చెవిని ఇంకా దగ్గరగా పెట్టుకున్నాను. ఊపిరి కోసం ఆగాల్సిన చోటు వచ్చింది...

వెళ్లిపోయింది.