కాలని రెండున్నర గంటలు

కంకిపాడు కాలువ గట్టున వీరభద్రయ్య శవం. చొక్కా నిండా మందు కంపు. మే 14, సాయంత్రం 5:40.

మర్నాడు ఉదయం 10:25కి సి.ఐ. సిద్రా అతను పనిచేసిన వాతావరణ కేంద్రానికి వెళ్లింది. ఎండ తీవ్రతను కొలిచే చోటది. ఆఫీసర్ దుర్గాశంకర్ ఏసీ గదిలో పుల్లతో పళ్లు కుట్టుకుంటున్నాడు. చూడగానే ఆమెకు వెగటు పుట్టింది.

"నిన్న పదకొండింటికే డ్యూటీ వదిలేసి పోయాడండీ. తాగుబోతు మనిషి."

"అవునండీ" అన్నాడు టెక్నీషియన్ సాయిగణేష్, తలెత్తకుండా.

వరండాలోంచి వీరభద్రయ్య భార్య పున్నమ్మ లేచొచ్చింది.

"మా ఆయన చుక్క ముట్టి ఎరగడమ్మా. పోయిన మనిషి ఎలాగూ రాడు. తాగి చచ్చాడన్న మాట మాత్రం ఉంచకండమ్మా."

సిద్రా కంప్యూటర్లో నిన్నటి గ్రాఫ్ చూసింది. పగలంతా ఎండ గీత మధ్యలో ఎక్కడా పడిపోలేదు.

డాబా ఎక్కింది. కంప్యూటర్‌కి రీడింగ్ పంపే సెన్సర్, దాని పక్కనే గాజు గోళం. గోళంలోంచి పడిన ఎండ వెనకున్న అట్ట కార్డును గంటల గుర్తుల వెంట కాలుస్తూ పోతుంది.

"ఈ కార్డు మార్చేదెవరు?"

"వీరభద్రయ్యేనండీ. రోజూ పొద్దుగూకాక" అన్నాడు వెనకే ఎక్కొచ్చిన సాయిగణేష్.

"నిన్న?"

నిన్నటి కార్డు ఇంకా అక్కడే ఉంది. సిద్రా కార్డు లాగింది.

10:50. ఏసీ గదిలో కార్డు దుర్గాశంకర్ ముందు పెట్టింది.

"కాలిన గీత 12:10కి ఆగింది. 2:40కి మళ్లీ మొదలైంది."

"మబ్బు పట్టిందేమోనండీ."

"మబ్బయితే మీ గ్రాఫ్ కూడా పడిపోవాలిగా? ఇవాళ్టి ఎండ కూడా దీని మీదే పడుతోంది. ఇంకో నాలుగు గంటలు గడిస్తే ఈ ఖాళీ కూడా కాలిపోయేది. ఒక్కసారైనా డాబా ఎక్కుంటే కార్డు తీసేయాలని మీకు తట్టేది."

సాయిగణేష్ ఏడ్చేశాడు.

"మిట్టమధ్యాహ్నం గాజు తుడవమని సారే పంపారండీ. వడదెబ్బకి సెన్సర్ మీదా, గోళం మీదా అడ్డంగా పడిపోయాడు. నేను వెళ్లి పక్కకి లాగేసరికి ప్రాణం లేదు. చొక్కా మీద మందు పోయించింది కూడా సారేనండీ."

"స్క్రీన్ మీద సున్నా చూశాను" గొణిగాడు దుర్గాశంకర్. "తుడుస్తున్నాడనుకున్నా."

"రెండున్నర గంటలా?"

"భోంచేసి కాస్త నడుం వాల్చానండీ."

సిద్రా కార్డు తిరిగి చేతిలోకి తీసుకుంది.

"కంప్యూటర్లో గ్రాఫ్ ఫైల్ చివరిసారి మార్చింది 2:50కి. శవాన్ని జీపెక్కించింది?"

"మూడున్నరకండీ" అన్నాడు సాయిగణేష్.

"అంటే ముందు గ్రాఫ్ సరిచేశావన్నమాట. ఛీ! లేవరా" అంది దుర్గాశంకర్‌తో.

వరండాలో పున్నమ్మ ఎదురొచ్చింది.

"తాగలేదమ్మా. పని చేస్తూ పోయాడు" అంది సిద్రా.

పున్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు తీసి అడిగింది.

"ఆ ఎండలో ఎంతసేపు పడున్నాడమ్మా?"

కార్డు సిద్రా చేతిలోనే ఉంది. దాన్ని వెనక్కి దాచుకుంది.