తొలిచూలు పెయ్య

ఇక్కడ అన్యాయం జరిగింది ఎవరికి? చిట్టెమ్మకు. ఎలా జరిగింది? సొంత తమ్ముడు చెప్పిన ఒక్క అబద్ధం వల్ల. ఆ సంగతి ఆమెకు పన్నెండేళ్ళ తరువాత, ఒక మామూలు ఉదయం తెలిసింది.

తిరువూరు నుంచి గంపలగూడెం వెళ్ళే దారిలో జయకర్‌కు పద్నాలుగు గేదెల డెయిరీ ఉంది. భర్త పోయాక అక్క చిట్టెమ్మ ఆ పక్కనే అద్దెగదిలో ఉంటూ, రోజూ వచ్చి దూడలను సాకుతుంది. ఆ ఉదయం రెడ్డిగూడెం నుంచి అంతోనయ్య అనే రైతు వచ్చాడు.

"మా వైపు డెయిరీలన్నీ మూతపడ్డాయండి. మీదెలా నిలబడింది?"

"మిషన్లండీ," అన్నాడు జయకర్. "పాలు తీయడానికొకటి, గడ్డి కోయడానికొకటి."

"అవి మాకూ ఉన్నాయి. ఇప్పుడు వాటి మీద బట్టలు ఆరేసుకుంటున్నాం."

జయకర్ భార్య రూత్ నవ్వింది. "ఈయనకి మిషన్లే కనిపిస్తాయండి. మేం బయట గేదెల్ని కొనం. మీరు అమ్ముకునే పాలని మా వదిన దూడలకి వదిలేస్తుంది. అందుకే మా పెయ్యలు చావవు, త్వరగా ఎదిగి పాలకొస్తాయి. అదిగో, ఆ పెద్ద గేదె, దాని సంతానం ఐదు. సగం పాలు వాటివే. వదిన పెంపకానికిచ్చిన గేదెకి అది తొలిచూలు పెయ్య."

చిట్టెమ్మ చేతిలోని బకెట్టు కింద పెట్టింది.

"తొలిచూలు పోతుదూడన్నావు కదరా జయా? మూడోరోజే పోయిందన్నావు. దీన్ని సంతలో కొన్నానన్నావు."

చిట్టెమ్మ తల్లిగేదెను ఇచ్చినప్పుడు ఒప్పందం ఒక్కటే. తొలిచూలు దూడ చిట్టెమ్మది, తల్లీ మిగతా దూడలూ జయకర్‌వి. రూత్‌కు ఆ ఒప్పందం సంగతే తెలియదు.

"అప్పుడే డెయిరీ పెట్టానక్కా. మంచి జాతి పెయ్య. అది నీకిచ్చేస్తే నేను నిలబడేవాణ్ణి కాదు."

"నువ్వు నిలబడ్డావు. మంచాన పడ్డ మీ బావ గ్లాసు పాలడిగితే, నేను పత్తి ఏరడానికి పోయి ప్యాకెట్టు తెచ్చాను."

"ఒక దూడనిస్తాను, తీసుకో."

"దూడా? నా దూడ పన్నెండేళ్ళ కిందట పుట్టిందిరా."

ఆమె వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. దూడలు పొద్దెక్కేదాకా అరిచాయి.

"ఆవిడ్ని మనం పోషిస్తున్నామనుకున్నానండి," అంది రూత్, భర్త ముఖం చూడకుండా. "తిన్నది మనం."

జయకర్ కొట్టంలోకి వెళ్ళాడు. పెద్ద గేదెను విప్పాడు. తరువాత దాని సంతానాన్ని, ఒక్కొక్కదాన్నీ విప్పాడు. ఇక మిగిలే ఎనిమిదింటితో డెయిరీ నడవడం కష్టమని అతనికి తెలుసు.

ఆ ప్రాంతంలో పశువును అమ్మినవాడు గానీ, దానమిచ్చినవాడు గానీ పలుపుతాడు విప్పి తన దగ్గరే ఉంచుకుంటాడు. అప్పటిదాకా పశువు తనది కాబట్టి తాడూ తనదే. చిట్టెమ్మ గుమ్మం ముందు జయకర్ ఏ మెడ నుంచీ తాడు విప్పలేదు.

"నావి కావక్కా ఇవి," అన్నాడు.

చిట్టెమ్మ ఆ పశువుల వైపు చూసింది. తరువాత కళ్ళు తుడుచుకుని చెయ్యి చాపింది. జయకర్ ఆరు పలుపులూ, ఒక్కటీ మిగుల్చుకోకుండా, ఆ చేతిలో పెట్టాడు.