కడిగిన కుంపటి

యమున గూటి తలుపు తీస్తే ఒక్క కోడి కూడా బయటికి ఉరకలేదు. వంగి చూస్తే పుంజు, పెట్టలు, పిల్లలు అన్నీ ఒకదాని మీద ఒకటి ఒరిగి చచ్చి పడి ఉన్నాయి.

చేతిలోని నూకల గిన్నె జారి కింద పడింది. ఆ చప్పుడు వింటే చాలు, రోజూ కాళ్లకు అడ్డం పడే కోళ్లు. ఇవాళ ఒక్క రెక్క కూడా కదల్లేదు.

"అత్తమ్మా! జర ఇటు రా అత్తమ్మా!"

పోశమ్మ గోడ పట్టుకుని, నొప్పుల మోకాళ్లు ఈడ్చుకుంటూ వచ్చింది. గూటి ముందు కూలబడింది. చేతికందిన పుంజును లాగి ఒళ్లో వేసుకుని, ఈకలు విడదీసి చూసింది. మెడ తిప్పి చూసింది. ఏళ్ల తరబడి కోళ్లు పెంచిన చేతులు అవి.

"నెత్తురు లేదు. ఈక ఊడలే. పిల్లి గాదు, ముంగిస గాదు," అంది మెల్లగా. "తెగులైతే తురాయి నల్లబడతది. దీని తురాయి సూడు, బతికున్నప్పటికంటే ఎర్రగున్నది."

"మరేమైంది అత్తమ్మా?"

పోశమ్మ తలెత్తింది. ఆ చూపు యమునకు నచ్చలేదు.

"నిన్న పొద్దుమూకి ఏమన్నవే నువ్వు?"

అన్న మాట యమునకూ గుర్తుంది. పొద్దంతా నడుం వంచి పత్తి ఏరి, ఒళ్లు పచ్చి పుండై ఇల్లు చేరేసరికి కోళ్లు వంటింట్లో దూరి బియ్యం తట్ట బోర్లించాయి. చలి మొదలైన దగ్గర నుంచి రాత్రుళ్లు కూడా నిద్ర లేదు. చలికి కోడిపిల్లలు కీచుకీచుమంటే ఆమే లేవాలి, గూటి మీద జారిన గోనెపట్టా ఆమే సర్దాలి. అత్తకు మోకాళ్లు, మామకు వయసు, మొగుడికి రాత్రి డ్యూటీ. ఆ విసుగులో నోరు జారింది. 'ఈ కోళ్లు తెల్లారేసరికి సచ్చినా బాగుండు, కంటినిండ నిద్రన్న పోత' అని.

"నోటికొచ్చింది అన్న అత్తమ్మా. అంటే సస్తయా?"

"అంటే సావయి. మందు పెడ్తే సస్తయి."

"మందా! అండ్ల సగం కోళ్లు నావే గదా!"

నిజమే. యమున కాపురానికి వచ్చిన కొత్తలో పోశమ్మే ఒక పెట్టను ఆమెకు పాలుకు ఇచ్చింది. సాకేది కోడలు, దిగిన పిల్లల్లో సగం అత్తకు, సగం కోడలికి. తనవేవో గుర్తుండాలని యమున వాటి కాళ్లకు ఎర్ర దారం కట్టేది. పుట్టింటి నుంచి ఏమీ తెచ్చుకోని యమునకు ఈ ఇంట్లో 'నాది' అని చెప్పుకోవడానికి ఆ ఎర్ర దారాలే ఉండేవి. ఇప్పుడు ఆ దారాలున్న కాళ్లు బిర్రబిగిసి ఆకాశం వైపు చాచి ఉన్నాయి.

"సగం నీవి గాబట్టే సాకుడు నీకు బరువైంది," అంది పోశమ్మ.

అప్పటికే మామ వీరస్వామి పార తెచ్చి, ప్రహరీ పక్కన గుంత తవ్వడం మొదలుపెట్టాడు. ఎవరూ చెప్పలేదు. దుప్పటి భుజాన వేసుకుని, ఇటు చూడకుండా తవ్వుతున్నాడు.

చెల్పూర్ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని చేసే వీరేందర్ రాత్రి డ్యూటీ దిగి బండి ఆపేసరికి వాకిట్లో గొడవ ముదిరింది. ఎర్రటి కళ్లతో తల్లినీ పెళ్లాన్నీ మార్చి మార్చి చూశాడు.

"ఏందే అవ్వా, పొద్దుపొద్దున్నే ఈ ఒర్రుడు?"

"నీ పెండ్లాన్ని అడుగు. రాత్రి శాపం పెట్టింది, తెల్లారేసరికి పని ముగించింది."

"యమునా, నువ్వు అన్నవా?"

"అన్న. నోటితోని అన్న. చేతితోని ఏం చెయ్యలే."

"గట్లెందుకు అనాలె?"

"ఎందుకు అనాలెనా? ఒక్క రాత్రి నువ్వు లేసి సూడు, తెలుస్తది!"

"నేను రాత్రంత బొగ్గు దుమ్ముల నిలబడి వస్తున్న. నేను పండుకుంటున్ననా?"

"ఈ ఇంట్ల ఎవ్వరూ పండుకుంటలేరు," అంది యమున. "గందుకే అన్న."

వీరేందర్ హెల్మెట్ తీసి అరుగు మీద పెట్టి, దాని పక్కనే కూర్చున్నాడు. పంచాయితీ తెంపే ఓపిక అతనికి లేదు.

పోశమ్మ మాత్రం లేచింది. వాకిట్లో మూలకు పడి ఉన్న రాళ్లు ఒక్కొక్కటీ దొర్లించుకుంటూ వచ్చి, వేపచెట్టు కింద పొయ్యిలా పేర్చింది.

"ఇయ్యాల్టి నుంచి నా వంట గీడనే. ఆమె చేతి బువ్వ నేను తినను. కోళ్లకు పెట్టినామె రేపు నాకూ పెడ్తది."

"అవ్వా! ఏం మాట అది?"

"ఇంట్ల పొదుగు మీదున్న పెట్ట ఒక్కటే మిగిలింది. దాన్ని నా దిక్కు పెట్టుకుంట. అది నాది."

పొదుగు కోడిని గంపతో సహా అటక కింద గదిలో ఉంచడం వల్ల అది బతికిపోయింది. పోశమ్మ గంప ఎత్తి బయటికి తెస్తుంటే యమున ఒక్క మాట అంది.

"దాని కాలు సూడు అత్తమ్మా."

గుడ్ల మీద ముడుచుకున్న పెట్ట కాలికి ఎర్ర దారం ఉంది. పోశమ్మ గంపను అక్కడే దించింది. మూలనుంచి పార చప్పుడొక్కటే వినిపించింది.

యమున కళ్లు తుడుచుకుంది. చచ్చిన కోళ్లలో తన పెట్టనొకదాన్ని, అత్త పెట్టనొకదాన్ని ఎంచి తెచ్చింది. వంటింట్లోకి వెళ్లి కత్తి తెచ్చి అత్త ముందు పెట్టింది.

"మందు పెట్టిన్నన్నవు గద. గొంతు కింద మేతసంచి కోసి సూడు. నీకంటె బాగ ఎవరు సూస్తరు? అండ్ల మందు ఉంటె నేను పొయ్యి గాదు, ఊరే ఇడిచి పోత."

పోశమ్మ కత్తి తీసుకుంది. రెండింటి మేతసంచులూ కోసింది. లోపలిదంతా అరచేతిలో వేసుకుని వాసన చూసింది, వేలితో కలియబెట్టింది. మక్క నూకలు. గడ్డి పోచలు. రెండు చిన్న రాళ్లు. అంతే.

మందు కాదు. తెగులు కాదు. జంతువు కాదు. మరేమిటి?

"ఉండు," అన్నాడు వీరేందర్. సెల్‌ఫోన్ లైటు వేసి గూటి ముందు బోర్లా పడుకున్నాడు. ఆ గూడు వానాకాలంలో అతనే కట్టాడు. పాత తడకల గూటిని ముంగిస చీల్చిపోతోందని ఇటుకలు పేర్చి, పైన సిమెంటు రేకు వేశాడు. గాలికి నాలుగు సందులు వదిలాడు.

"యమునా, సందులల్ల గడ్డి ఎవరు కుక్కిండ్రు?"

"నేను కుక్కలే. పైన గోనెపట్టా కప్పుత, అంతే."

"కిందేసిన ఊకల ఏందో కాలినట్టున్నది. గుండ్రంగ, నల్లగ."

యమున వంగి చూసింది. నిజంగానే ఊకలో మాడిన వలయం. చిన్న తట్టంత. అలాంటి అడుగున్న వస్తువు ఈ ఇంట్లో ఒకటే ఉంది. చలికాలం పొద్దున్నే మామ ఎదురుగా పెట్టుకుని చేతులు కాచుకునే మట్టికుంపటి.

ఇవాళ మామ చలి కాగలేదు. ఆ సంగతి ఆమెకు అప్పుడే తట్టింది.

ముగ్గురి చూపూ ఒకేసారి అరుగు మూలకు వెళ్లింది. కుంపటి అక్కడే ఉంది. బూడిద లేదు, మసి లేదు. శుభ్రంగా కడిగి బోర్లించి ఉంది. పెళ్లయిన నాటి నుంచి తాగిన గ్లాసు కూడా కడగని మనిషి మామ.

పార చప్పుడు ఆగిపోయింది.

"నాయినా?" అన్నాడు వీరేందర్.

వీరస్వామి పార వదిలేశాడు. మోకాళ్ల లోతు గుంతలోనే కాళ్లు ఉంచి, అంచు మీద కూర్చున్నాడు. చేతుల మట్టి దులుపుకోవడానికి చాలాసేపు తీసుకున్నాడు.

"నేనే బిడ్డా," అన్నాడు యమునతో. తర్వాత పెళ్లాం వైపు తిరిగాడు. "నిన్న కోడలు అన్న మాట నేను గూడ ఇన్న పోశవ్వా. నువ్వు కోళ్ల మాట పట్టుకున్నవు. నాకు నిద్ర మాట ఇనబడ్డది. ఒక్క రాత్రన్న లేవకుండ పండనీ అనుకున్న. మా అవ్వ సలికాలం దూడల కొట్టంల నిప్పుల కుండ పెట్టేది. అదే మతికొచ్చింది. పొగొస్తె కోళ్లు ఆగమైతయని, బొగ్గులు ఎర్రగయ్యేదాక బయటనే ఊదిన. పొగ లేకుంటె ఏంగాదనుకున్న. సలిగాలి రావద్దని సందులల్ల గడ్డి కుక్కిన. మా కొట్టం తడకలది, గాలి ఆడేది. గిది ఇటుకల డబ్బా, బొగ్గుల ఇసపుగాలి లోపల్నే నిండింది. గంత తెలివి నాకు లేకపాయె."

పోశమ్మ కుంటుకుంటూ వేపచెట్టు దగ్గరికి వెళ్లి, తను పేర్చిన రాళ్లలో ఒకదాన్ని పక్కకు తోయబోయింది.

"తియ్యకు, ఇను," అన్నాడు వీరస్వామి. "తెల్లారకముందె వచ్చి తలుపు తీస్తె అన్నీ గట్ల పడున్నయి. నాకు భయమైంది. ముసలితనంల గిదేం పని చేసినవని నువ్వు తిడ్తవనుకున్న. కుంపటి తీసి కడిగిన. దుప్పటి కప్పుకొని పండుకున్న. గందాక తెల్వక చేసిన. తర్వాతది తెలిసే చేసిన. ఆ పిల్లను మందు పెట్టినవని నువ్వంటుంటె గుంత తవ్వుకుంట ఇన్న. రాళ్లు పేరుస్తుంటె ఇన్న. నేను ఒక్క మాటంటె ఆగేది. అనలే. అందుకే ఆ పొయ్యి ఉండనియ్యి పోశవ్వా, వేరే వండుకునేది నేను. కోడలిని మాత్రం ఇయ్యాల పత్తికి పోనియ్యకు. జర పండుకోనియ్యి."