బలం మాత్ర

అద్దంలో సగం గీసిన గడ్డం, మిగతా సగం నురగ. సరుకు కొనడానికి విదేశం నుంచి దిగిన పెద్దమనిషి ఈ లోకంలో ఆఖరుసారి చూసుకున్నది అదే. రూమ్ సర్వీస్ యూనిఫాంలో టవల్ తెచ్చినవాడు పెన్ను క్యాప్ తీసి అతని మెడ వెనక చిన్నగా గుచ్చాడు. పెద్దమనిషి సింకు మీదికి వాలి, అక్కణ్ణుంచి జారి, టైల్స్ మీద బుద్ధిగా కూర్చుండిపోయాడు. వచ్చినవాడు ఆ టవల్‌తోనే అతని మూతి తుడిచాడు. టవల్ ఎంత మెత్తగా ఉందంటే, ఒకసారి తన చెంపకి కూడా ఆనించుకున్నాడు. విప్పని సబ్బొకటి, నిమ్మ వాసనది, భార్య కోసం జేబులో వేసుకున్నాడు. కొత్త పెళ్లికొడుకు మరి.

ఏజెన్సీలో అతన్ని అందరూ అల్లుడనే పిలుస్తారు. చీఫ్ కూతుర్ని చేసుకున్నాడు. మిగతా ఏజెంట్లని "ఒరేయ్" అని పిలిచే చీఫ్ ఇతన్ని మాత్రం "మీరు" అంటాడు. చావడానికి పంపేటప్పుడు కూడా ఆ మర్యాద తగ్గదు.

నిన్న బ్రీఫింగ్ కూడా అంత మర్యాదగానే సాగింది. వరద ప్రాంతాల ఫీవర్ క్యాంపుల్లో మలేరియా ఉంది. దానికి మంచి మందూ ఉంది. కానీ ఇక్కడి ముఠా ఒకటి "బలం మాత్రలు" తయారుచేస్తోంది, విదేశీ కంపెనీ ఒకటి వాటిని కొని, విరాళం పేరుతో క్యాంపులకి పంపబోతోంది. కొనడానికి వస్తున్నవాడి ముఖం ముఠాలో ఎవరూ చూడలేదు. మందుతో కలిపి ఆ మాత్ర మింగితే మందు పనిచెయ్యదు. జనం రాలిపోయాక ఆ నేల ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. కూపీ లాగడానికి ముందు వెళ్లిన ఏజెంటు పట్టుబడి, ఇప్పుడు వాళ్ల లేబొరేటరీలో ప్రయోగాల మంచం మీద ఉన్నాడు. ఆ ఏజెంటు చీఫ్ కొడుకు. అంటే అల్లుడికి బావమరిది.

"సరుకు ఓడ ఎక్కకూడదు. మావాడు దొరికితే తీసుకురండి, లేకపోతే వద్దు," అన్నాడు మామగారు. లోపల ఒక నర్సు ఉంటుందని, ఆమె మన మనిషేనని, వాళ్ల మనిషి కూడా అని, ఏ పూట ఎవరి మనిషో ఆ పూట చూసుకోవాలని చెప్పాడు.

ఇంటి దగ్గర భార్య సూట్‌కేసు సర్దుతూ ఒక్క మాటే అంది. "అన్నయ్య లేకుండా వస్తే తలుపు తియ్యను."

అల్లుడికి చీఫ్ అంటే భయం. భార్య అంటే అంతకంటే భయం.

హార్బర్ వెనక మూతపడిన ఐస్ ఫ్యాక్టరీలో ఉంది లేబొరేటరీ. చచ్చినవాడి సూటు, కళ్లజోడు, ఉంగరంతో అల్లుడు లోపలికి అడుగుపెట్టగానే చల్లటి గాలి హాయిగా తగిలింది. గుమ్మంలో నర్సు నిలబడి ఉంది. ఎర్రటి లిప్‌స్టిక్, హై హీల్స్, ఫినాయిలు వాసనని కూడా ఓడించే సెంటు.

"బూట్లు కొత్తవా సార్?"

"పెళ్లికి కొన్నవి."

కోడ్ కలిసింది. ఆమె నవ్వింది. ఆ నవ్వు ఎవరి పక్షమో మాత్రం తెలియలేదు.

ముఠా పెద్దని అందరూ డాక్టర్ అంటారు. తెల్ల కోటు, శుభ్రంగా కత్తిరించిన గోళ్లు. సిస్టర్‌ని టీ తెమ్మని పంపి, కొత్త బండి చూపించేవాడిలా మురిసిపోతూ మంచాలు చూపించాడు. ఇద్దరికీ ఒకే రోజున మలేరియా రక్తం ఎక్కించాడట. ఇద్దరికీ ఒకే మందు. కుడి మంచం మీద హార్బర్ నుంచి ఎత్తుకొచ్చిన కూలీ. జ్వరం దిగి, గోడకి ఆనుకుని కూర్చుని, సిగరెట్ ఉందా అని సైగ చేశాడు. ఎడమ మంచం మీదివాడికి మందుతో పాటు బలం మాత్ర. పచ్చబడ్డ కళ్లు, పగిలిన పెదాలు, మంచం కింద సీసాలో టీ డికాషన్ రంగు మూత్రం. పెళ్లిలో తనని భుజాన ఎక్కించుకుని ఊరేగించిన బావమరిదిని గుర్తుపట్టడానికి అల్లుడికి కాసేపు పట్టింది. గుర్తుపట్టినట్టు కనబడకుండా ఉండటానికి ఇంకా కష్టపడాల్సి వచ్చింది.

"సింపుల్ సార్," అన్నాడు డాక్టర్. "ఒంట్లో పురుగు చేరితే శరీరం దాని మీద నిప్పు విసురుతుంది. ఆ నిప్పు సొంత కొంపకి అంటుకోకుండా తనే ఫైరింజన్లు కూడా పంపుతుంది. గ్లూటాథయోన్, కాటలేజ్ లాంటివి. యాంటీఆక్సిడెంట్లంటే అవే. మలేరియా పురుగు రక్తం తిని ఇనుము కక్కుతుంది, దానితో మంట ఇంకా ఎక్కువ. ఫైరింజన్లలో నీళ్లు అయిపోతుంటాయి. ఈ మందు చేసేది కూడా అదే పని, పురుగు కడుపులోనే నిప్పు పెడుతుంది. నా మాత్ర వెళ్లి ఆ నిప్పు ఆర్పేస్తుంది. పురుగు చల్లగా కూర్చుని భోంచేస్తుంది."

షాపుల్లో దొరికే విటమిన్లకి ఇంత చేతకాదని, ఇది తన సొంత తయారీ అని గర్వంగా చెప్పాడు. జబ్బుమనిషికి ఎవరైనా బలానికి ఏదో ఒకటి పెడతారు కదా, ఎవరూ అనుమానించరన్నాడు. మూలన ఉతికిన దుప్పటి పరిచిన మూడో మంచం చూపించి, ఇక ఆడవాళ్ల మీద ఎలా పనిచేస్తుందో చూడాలన్నాడు. సరుకు క్రేన్ దగ్గర సిద్ధంగా ఉందట. కొనేవారి మాట ఒక్కటి ఫోన్లో వినబడితే లోడింగ్ మొదలు.

అల్లుడు కళ్లజోడు సర్దుకున్నాడు. ఫ్రేములో ఏజెన్సీ అమర్చిన కెమెరా క్లిక్కుమంది. సిస్టర్ టీ తెచ్చింది. అదే సమయంలో ఎడమ మంచం మీద జ్వరంలో మునిగిన మనిషి కళ్లు తెరిచాడు. చెల్లెలి మొగుడు ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఎంత ఒళ్లు తెలియని జ్వరమైనా, ఇంటల్లుణ్ణి నిలబెట్టి మాట్లాడటం ఆ ఇంట్లో ఎరగరు. వణుకుతున్న కాళ్లు ముడుచుకుని మంచం మీద చోటు చేశాడు.

"అయ్యో బావగారూ, నిలబడ్డారేం? కూర్చోండి."

డాక్టర్ మెల్లగా నవ్వి, కోటు జేబులోంచి పిస్టల్ తీశాడు.

"కూర్చోండి బావగారూ," అన్నాడు తను కూడా. "సిస్టర్, వీరికి కూడా ఒక డోసు. ఆ రక్తమే."

ఆమె టీ ట్రే పక్కన పెట్టి సిరంజి నింపింది. డాక్టర్ ఎడమచేత్తో ఫోన్ అందుకుని క్రేన్ దగ్గరివాళ్ల నంబర్ నొక్కాడు. హై హీల్స్ టక్కుటక్కుమంటూ అల్లుడి దగ్గరికి వచ్చాయి. సూది అతని మోచేతి మడతని తాకింది. బతిమాలి లాభం లేదని అతనికి తెలుసు. బతిమాలినవాళ్లని ఆమె చాలామందినే చూసి ఉంటుంది.

"సిస్టర్," అన్నాడు నింపాదిగా. "ఆ మూడో మంచం ఆడమనిషికట. ఇందాక డాక్టర్‌గారే చెప్పారు. ఈ బిల్డింగులో ఆడమనిషి మీరొక్కరేగా?"

ఆమె తల తిప్పి మంచం వైపు చూసింది. దుప్పటి పొద్దున తనే పరిచింది. తరవాత డాక్టర్ ముఖం చూసింది. కాదనడానికి అతనికి ఒక్క క్షణం ఆలస్యమైంది.

సూది డాక్టర్ మెడలో దిగింది. పిస్టల్ పేలి కప్పు పెచ్చు ఊడింది. అల్లుడు ఆ చెయ్యి పట్టుకుని, పిస్టల్ వదిలాక కూడా వదలకుండా, వేళ్లన్నీ వెనక్కి విరిచాడు. బావమరిది పగిలిన పెదాలు గుర్తొచ్చి బొటనవేలు కూడా విరిచాడు. నేల మీద ఫోన్ అరుస్తోంది, క్రేన్ ఎత్తేశాం, లోడ్ చెయ్యమంటారా అని.

అల్లుడు ఫోన్ తీసి, కొనేవాడి యాసలో గొంతు సవరించుకున్నాడు. "సరుకు చెడిపోయింది. దింపి, మొత్తం తగలబెట్టండి. నా కళ్లకి ఇక్కణ్ణుంచి పొగ కనబడాలి."

టీ చల్లారక ముందే కిటికీలోంచి పొగ కనబడింది. అతను ఆ టీలో బిస్కెట్ ముంచుకుని తిన్నాడు. కూలీ బావమరిది కాళ్లు పట్టుకుంటే ఇద్దరూ కలిసి కారు ఎక్కించారు, డాక్టర్‌ని కట్టేసి డిక్కీలో వేశారు. మాత్ర ఆపేసి మందొకటే ఇస్తే, బావమరిది జ్వరం మెల్లగా దిగింది. కిడ్నీలు మాత్రం పూర్తిగా కోలుకోలేదు. భార్య తలుపు తీసింది.

డాక్టర్‌కి ఏజెన్సీ సెల్లులో జ్వరం మొదలైంది. వైద్యం ఏమీ లోటు చెయ్యలేదు, రోజూ అదే మంచి మందు. ఇచ్చే మనిషి విషయంలోనే అల్లుడు ఒక చిన్న కోరిక కోరాడు. సిస్టర్‌నే పంపమన్నాడు. "అందులో ఏమీ కలపకు," అన్నాడామెతో. "గ్లాసు ఇచ్చి నవ్వు, చాలు."

ఆమె గ్లాసు ఇచ్చింది, నవ్వింది. డాక్టర్ మందు వాసన చూశాడు, వెలుగులో పెట్టి చూశాడు, ఇందులో మాత్ర కలిపారని గోడకేసి కొట్టాడు. రోజూ అంతే. తన ఫైరింజన్లలో నీళ్లు ఏ రోజు అయిపోతాయో అందరికంటే అతనికే బాగా తెలుసు. ఆ లెక్క తప్పలేదు.

శవాన్ని తీసుకెళ్లాక మామగారు అల్లుణ్ణి పిలిపించి, గ్లాసులో నిజంగా ఏముందని అడిగాడు.

"ఒట్టి మందేనండీ."

"మరి దేనికి పోయాడు?"

"చదువు ఎక్కువై పోయాడండీ."